అడ్డదారిన వచ్చిన చప్పుడు

ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు మీద అక్క సుద్దముక్కతో గీసిన గుర్తు ఇంకా చెరగలేదు. కరెంటు ఉన్నప్పుడు లోపల ఎక్కడో సన్నగా నిప్పురవ్వలు చిటపటమన్నాయి. ట్యాంకు గోడకు అంటించిన సెన్సర్లలో ఏది ముందు వింటే చప్పుడు దానికి దగ్గరని లెక్కకట్టి ఆమె పెట్టిన గుర్తది. దాన్ని నమ్మే కరెంటు ఆపారు, నూనె తోడేశారు. ఇక మళ్లీ వినే వీల్లేదు. కరెంటు లేనిదే ఆ చిటపట పలకదు.

గుర్తు పక్కనున్న మూత విప్పి లోపల దూరాల్సింది ఫిట్టర్‌గా పనిచేసే ఆమె తమ్ముడు. లోపల మనిషి పట్టీపట్టని సందు. ఆమెకు అన్నం సయించలేదు. చేతులు ఊరుకోక, రికార్డు చేసిన అలల్ని మళ్లీ తెరమీద చూసుకుంది. మూడో సెన్సర్లో పెద్ద అలకు ముందు చిన్న బుడిపె. నూనెలో కంటే ఇనుములో చప్పుడు వేగంగా పరిగెడుతుంది. ట్యాంకు గోడ పట్టుకుని అడ్డదారిన ముందే వచ్చిన ఆ బుడిపెనే అసలు చప్పుడనుకుని గుర్తు పెట్టింది.

తమ్ముడు బెల్టు బిగించుకుంటున్నాడు.

"ఆగరా. నేను తప్పు చెప్పాను. అవతలి వైపు."

సూపర్‌వైజర్ మొహం మాడింది. "ఇప్పుడా మేడం చెప్పేది? ఈ మూతకే మావాళ్ల నడుములు పడిపోయాయి."

"లోపలికెళ్లాక చెప్పుంటే నా పొట్ట ఇరుక్కునేది సార్," అన్నాడు తమ్ముడు. "ఈసారి ఖాయమేనా అక్కా?"

ఖాయమని అనలేకపోయింది. "పెద్ద అలనే పట్టుకుని లెక్కేశాను."

అవతలి మూత విప్పారు. లోపలి గాలి పరీక్షించారు. వాడు తాడు కట్టుకుని, కాళ్లు లోపల పెట్టి, "వెళ్తున్నా," అన్నాడు.

"వెళ్లొస్తానను."

"నీ పిచ్చి నీది. వెళ్లొస్తా."

గుమ్మం దాటే ప్రతివాళ్ల చేతా ఆమె ఆ మాట అనిపిస్తుంది. అనకుండా వెళ్లింది నాన్న ఒక్కడే.

సెన్సర్లు పీకనివ్వలేదు. వాడి మోకాలు తగిలినా, రెంచి తగిలినా తెరమీద గీత ఉలిక్కిపడుతోంది. కాసేపటికి గీత కదలకుండా పడుకుంది.

"తాడు కదలట్లేదేం?"

"చూసుకుంటున్నాడేమో మేడం," అన్నాడు తాడు పట్టుకున్నతను, ఆవులిస్తూ.

ఆమె ఇనుముకు చెవి ఆనించింది. చల్లగా, మూగగా ఉంది.

టక్. టక్. గోడకు అవతల, సరిగ్గా చెవి దగ్గరే.

"దొరికిందక్కా." గొంతు డొల్లగా వచ్చింది. "తీగ మీది కాగితం చుట్టు నల్లగా మాడిపోయింది. నువ్వన్న చోటికి జానెడు కిందగా."

"సరే, ఇక బయటికి రా."

"ఫొటో తియ్యొద్దా?"

"తీసేసి రా."

మూతలోంచి నూనెతో తడిసిన తల బయటపడేదాకా ఆమె ఇనుము మీంచి చెవి తియ్యలేదు.