చెప్పుల పాటలో నా వంతు

నేను ఒక హారన్ని. హారన్ అనగానే లారీలూ బస్సులూ తలుచుకుని చెవులు మూసుకోకండి. నాది ఇత్తడి గొంతు, నల్ల రబ్బరు పొట్ట. పొట్ట నొక్కితే "పాం" అంటాను. అంతే, ఇంకో మాట రాదు. ఒకే మాట పట్టుకుని బతికేసిన మనుషుల్ని బోలెడుమందిని చూశాను గనక, అందుకు నేనేమీ సిగ్గుపడను.

నా గొంతును ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితిలో ఒక కంచరి సాగగొట్టి, వంచి, చింతపండుతో తోమి తళతళలాడించాడు. పొట్ట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు గానీ, మీకు లాగే నా తిప్పలన్నీ దానివల్లే.

మొదట విజయనగరంలో ఐసుబండి ముత్యాలు దగ్గర కొలువు. మిట్టమధ్యాహ్నం ఎండలో నేను "పాం" అన్నానంటే చాలు, పిల్లలు కంచాల ముందునుంచి లేచి పరిగెత్తుకొచ్చేవారు. ఊళ్ళో నా అంతటిది లేదనుకునేదాన్ని. ఇంతలో ముత్యాలు బండికి మైకు పెట్టించాడు. అందులో ఎవరిదో ఆడగొంతు పొద్దస్తమానం "ఐస్‌క్రీం, ఐస్‌క్రీం" అని అరిచేది. నన్ను పాత సామాన్ల కొట్టులో పడేశాడు. ఏడుపొచ్చింది. ఎలా ఏడవను? నొక్కేవాళ్ళు ఉండొద్దూ!

అక్కడ నన్ను చేతిలోకి తీసుకున్నవాడు లెంక సన్యాసిరావు. షామియానాలు అద్దెకిచ్చే కొట్టువాళ్ళ గోడౌనుకు కాపలాదారు. మనిషి ముఖం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంటుంది. ఆ ముఖంతోనే ఆదివారం సాయంత్రాలు, పెళ్ళి వంటల గుండిగల మధ్య చిన్న చెక్కబల్ల ఎక్కి తాను కట్టిన పాటలు పాడతాడు. జనం వచ్చి, దొంతరలోంచి ఎవరి కుర్చీ వాళ్ళు లాక్కుని కూర్చుంటారు. ఆ పాటలకు తలా తోకా ఉండదు. ఒకదాంట్లో ఇడ్లీకి గుమాస్తా ఉద్యోగం వస్తుంది. ఇంకోదాంట్లో తాటిచెట్టు క్షవరానికి వెళ్ళి, తన వంతు వచ్చేదాకా పేపరు చదువుకుంటుంది. అన్నిటికన్నా పేరు మోసింది చెప్పుల పాట:

"నా సెప్పులు నాకన్నా ముందే ఇంటికెల్లిపోనాయి
కాల్లు కడిగీసినాయి, కడుపారా తినీసినాయి
తలుపు నాను కొడితేనూ, ఎవులండీ మీరన్నాయి…"

ఆ తర్వాత నా వంతు. "పాం!" గోడౌను రేకులు లేచిపోయేలా నవ్వులు.

ఆ నవ్వులు గోడౌను దగ్గరే ఆగేవి కావు. పెద్దాసుపత్రి నర్సు రత్నమాల, సూదికి భయపడేవాళ్ళ దగ్గర ఈ పాటే ఎత్తుకుంటుందట. ఇదేం పాటరా బాబూ అని వాళ్ళు తేరుకునేలోపు సూది దిగి, బయటికి కూడా వచ్చేస్తుంది. లైన్‌మన్ గౌరునాయుడికి గుడి దగ్గర కొత్త చెప్పులు పోయాయి. తిట్టలేదు సరికదా, "ఇంటికెల్లి తినీస్తుంటాయి, బేగెల్లాల, నాకు కూర మిగల్దు" అంటూ ఉత్తికాళ్ళతో పరిగెత్తాడట. చెబుతూ చెబుతూ వాళ్ళావిడ పడీపడీ నవ్వింది.

సన్యాసిరావుకు మాత్రం ఇదేదీ నమ్మకం కుదరలేదు. పాట కట్టడమే గానీ, తన పాటకు తను ఒక్కసారీ నవ్వి ఎరగడు. అందరూ వెళ్ళాక నన్ను గుడ్డతో తుడుస్తూ, "ఇందులో ఏటుందని నవ్వుతారే? మొగమాటం. మనూరోడు, సిన్నబుచ్చుకుంటాడని నవ్వుతున్నారు" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. డ్యూటీ దిగి, టీచుక్క కూడా తాగకుండా రొప్పుకుంటూ వచ్చేది మొహమాటానికా? చెబుదామంటే నాకొచ్చింది ఒక్కటే మాట, అదీ ఎవరో ఒకరు నొక్కితేనే.

జనానికి పాటలు కంఠతా వచ్చేశాక అతని అనుమానం ముదిరింది. అతను నోరు తెరవకముందే నవ్వడం మొదలెట్టేవారు. వాళ్ళకది ముద్దు. అతనికి మాత్రం గుండె కలుక్కుమనేది. వినకుండానే నవ్వితే జాలి కాక మరేమిటి అనుకున్నాడు.

ఒక ఆదివారం బల్ల ఎక్కుతూనే, "ఇదే ఆకరు. ఒచ్చేవారం నుండి మీ ఇళ్ళకాడ మీరు సుకంగుండండి" అన్నాడు. మళ్ళీ పాత సామాన్ల కొట్టేనా అని నాకు భయం వేసింది. కానీ ఒట్టు, అంతకన్నా ఈ పిచ్చిమారాజు మీద ప్రేమే ఎక్కువ పొంగుకొచ్చింది.

గౌరునాయుడు లేచి, "ఆకరైతే సెప్పుల పాటే పాడాల" అన్నాడు. సన్యాసిరావు మొదటి ముక్క అందుకున్నాడో లేదో, రెండోది జనమే పాడేశారు. అతనికి చిర్రెత్తుకొచ్చింది.

"నోటికొచ్చీసింది గదా, మరింక నానెందుకు? మీరే పాడుకోండి!" అని బల్ల దిగి, నన్ను రత్నమాల చేతిలో కుక్కి, ఆమె కుర్చీలో కూలబడ్డాడు.

ఆమె ఏం చేస్తుంది పాపం, బల్ల ఎక్కింది. సూది వేసేటప్పటి ముఖం పెట్టి, నన్ను సిరంజిలా నిటారుగా పట్టుకుని పాట ఎత్తుకుంది. శ్రుతి లేదు, లయ లేదు. చెప్పులు కాళ్ళు కడుక్కునే చోట, కంగారులో నా పొట్ట నొక్కేసింది. "పాం!" రాకూడని చోట! ఆమె ఠక్కున ఆగి, నా వంక జాలిగా చూసి, అలవాటు కొద్దీ "నొప్పేసిందా?" అంది.

కుర్చీలోంచి ఏదో చప్పుడు. దగ్గు అనుకున్నాను. సన్యాసిరావు నవ్వుతున్నాడు! మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో, ఆ తర్వాత కుర్చీతో సహా. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. పక్కనున్న గౌరునాయుడి తొడ మీద దబదబా బాదుతూ, "సెప్పులకి కాల్లేటిరా నాయినా! సెప్పులకి కాల్లేటి!" అంటున్నాడు. ఆ మాట రాసిందీ, ఇన్నాళ్ళూ పాడిందీ తనేనని ఎవరూ గుర్తుచేయలేదు.

కాస్త ఊపిరి అందాక చుట్టూ చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

"ఓలమ్మో! ఇన్నాల్లూ ఇంత సుకం మీరే అనుబవించీసి, నాకొక్క ముక్క సెప్పనేదేటర్రా!"

రత్నమాల నన్ను గుండెకు హత్తుకుని, భయంభయంగా అడిగింది. "మరి ఇదే ఆకరన్నావు గదన్నా?"

"ఎవులన్నారమ్మా? నానిప్పుడే వొచ్చినాను" అంటూ సన్యాసిరావు కళ్ళు తుడుచుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.