తలుపుకి వీపు

డ్రైవరు సైన్యంలో లారీ నడిపినన్నాళ్లూ మందు ముట్టని మనిషి. ఒకరోజు ముందు వెళ్తున్న లారీ కళ్లెదుటే పేలిపోయింది. ఇంటికొచ్చేశాక కూడా ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదు, చేతిలోంచి సీసా దిగలేదు. భార్య ఓపిక పట్టీ పట్టీ, చివరికి తన బట్టలు సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టింది.

"ఆ మందు మానేవాళ్ల మీటింగుకి వెళ్తారా, నన్ను మా అన్నయ్య ఇంటికి వెళ్లమంటారా?" అంది. ఆవిడ ఉత్తుత్తినే బెదిరించే రకం కాదు.

మీటింగు కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు వెనక గదిలో. వచ్చేవాళ్లంతా మాజీ సైనికులే, తాగి మానినవాళ్లే. కుర్చీలు గుండ్రంగా వేసుకోమని ఎవరో డాక్టరు చెప్పారట. చెప్పడానికేం, ఎన్నయినా చెప్తారు! తలుపుకి వీపు పెట్టే ధైర్యం ఆ వీరుల్లో ఒక్కడికీ లేదు. అందరూ గోడకి ఆనుకుని, బస్సు కోసం చూసేవాళ్లలా వరసగా కూర్చునేవారు.

డ్రైవరు వెళ్లేసరికి గోడ నిండిపోయింది. ఖాళీ కుర్చీ ఒక్కటే, అదీ తలుపుకి వీపు పెట్టి ఉంది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మళ్లీ వస్తాలెండి," అని వెనక్కి తిరిగాడు. తిన్నగా ఎక్కడికి వెళ్తాడో అక్కడందరికీ తెలుసు.

అందరూ బాబాయి అని పిలిచే కొట్టు యజమాని లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. సైన్యంలో ఆయన వంటవాడు.

"కూర్చోరా అబ్బాయ్, నీ వెనక నేను చూస్తా. గరిటె తప్ప తుపాకీ సరిగ్గా పట్టలేదనుకో. అయినా ఈ బొజ్జ దాటి ఎవడొస్తాడు?"

గదంతా గొల్లున నవ్వింది. డ్రైవరు కూర్చున్నాడు. తన వంతు వచ్చాక నోరు విప్పాడు.

"ముందు నేనే వెళ్లాల్సింది. వెనక లారీ వాడు హారన్ కొడితే నేనే దారిచ్చాను."

ఎవరూ అయ్యో అనలేదు, సలహా ఇవ్వలేదు. "నాదీ అలాంటి కథే," అన్నాడు పక్కనున్నాయన. డ్రైవరుకి ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత మానకుండా వెళ్లాడు. మధ్యలో ఒకసారి జారి మళ్లీ సీసా పడితే బాబాయి ఇంటికే వచ్చి రెక్క పట్టుకుని తీసుకెళ్లాడు.

ఒక సాయంత్రం ఇంట్లో భోజనానికి కూర్చోబోతూ, డ్రైవరు ఎప్పుడూ తలుపు వైపుండే తన కుర్చీని తిప్పి తలుపుకి వీపు పెట్టాడు. భుజాలు బిగిసే ఉన్నాయి. బాబాయి తలుపు కాసిన సంగతి విని ఉన్న భార్య చూసి, ఎదురుగా కూర్చుంది.

"తినండి. తలుపు నేను చూస్తున్నాగా."

నాలుగు ముద్దలు తిన్నాక అతను భయం భయంగా అడిగాడు. "ఆ సంచి... అక్కడే ఉందా?"

"బట్టలు బీరువాలోకి ఎప్పుడో వెళ్లాయి. ఇన్నాళ్లూ కళ్లార్పకుండా ఆ తలుపునే చూశారే, పక్కన సంచి లేదని కనబడలేదూ?"

అతను పకపకా నవ్వాడు. నిజమో కాదో వెనక్కి తిరిగి చూసుకోలేదు.