నాలుగో మూల

ఎల్వినా బ్యానర్‌ను గ్యారేజీ నేల మీద బోర్లా పరిచి, మోకాళ్ళ మీద అంచు వెంబడి జరుగుతూ, ఒక్కో ఇత్తడి రింగులో వేలు దూర్చి లాగి చూస్తోంది. అంచు మడిచి కుట్టింది నిన్న రాత్రి తానే. అయినా లాగి చూడాలి. రింగు ఊడితే అంచు చిరుగుతుంది, అంచు చిరిగితే గుడ్డంతా తెరచాపలా లేస్తుంది, లేచే గుడ్డకు ఎదురుగా నిచ్చెన మీద డార్సీ ఉంటాడు. ఏ రింగు దగ్గర మొదలైనా ఆమె ఆలోచన చివరికి అక్కడికే చేరుతుంది.

లేచినప్పటి నుంచి ఎడమ చెయ్యి బరువుగా ఉంది. దవడ కింద ఏదో పట్టేసినట్టుంది. కుట్టుమిషను దగ్గర ఎక్కువసేపు కూర్చున్నందుకేలే అని సరిపెట్టుకుంది. తన ఒంటి గురించి భయపడటం ఆమెకు అలవాటు లేదు. ఉన్న భయమంతా కొడుక్కే ఖర్చయిపోతుంది.

"అమ్మా, అది బ్యానరు. పారాషూట్ కాదు. ఇక పద," అన్నాడు డార్సీ, నిచ్చెనను ట్రక్కు మీదికి ఎక్కిస్తూ. నలభై దగ్గరపడిన మనిషి. తండ్రి పొడుగే, తండ్రి నిర్లక్ష్యమే. చేతికి గ్లవ్స్ లేవు.

"పడమటి వైపు చూశావా?"

చూశాడు. కొండల మీద మబ్బు విల్లులా వంగి, దాని కింద ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. లెత్‌బ్రిడ్జ్ ఊళ్ళో పుట్టినవాళ్ళకు అదేమిటో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి కొండల మీంచి వెచ్చటి చినూక్ గాలి దిగుతుంది. మంచు కరుగుతుంది, అందరికీ తలనొప్పులొస్తాయి, చెత్తడబ్బాలు వాటంతటవే వీధి దాటుతాయి.

"అందుకేగా తొందరపడమంటున్నాను. గాలి వచ్చేలోగా కట్టేసి వచ్చేద్దాం."

"రేపు కడితే ఏం పోయింది?"

"రేపు ఆ దుకాణంలో అమ్మకం మొదలు, అమ్మా."

ఆమె పొద్దుతిరుగుడు గింజలు గుప్పెడు కోటు జేబులో పోసుకుని ట్రక్కెక్కింది. రెండో జేబులో తెల్ల నూలు దారపు ఉండ ఉంది. ఆదివారం మాంసం చుట్టి కట్టే వంటింటి దారం అది.

ఈ పని మొదలుపెట్టింది ఆమె భర్త పీటర్. చర్చి విందులు, హాకీ పోటీలు, పశువుల సంతలు, కొత్త దుకాణాలు, మూతపడే దుకాణాలు, ఊళ్ళో ఏది జరిగినా ఆమె కుట్టిన గుడ్డ వీధిలో కొన్నాళ్ళు ఊగి పోయేది. దాన్ని ఎవరు కట్టారో ఎవరికీ గుర్తుండదు. పీటర్ నిచ్చెన ఎక్కినన్నాళ్ళూ, పడతాడేమోనని ఆమె కింద నిలబడి వణికింది. అతను పడలేదు. ఆసుపత్రి మంచం మీద, కాలేయం చెడి చనిపోయాడు. అంతకాలం తప్పు వైపు కాపలా కాశానని ఎల్వినాకు అప్పుడు తెలిసింది. తెలిసినా, వేరే కాపలా ఆమెకు రాదు.

టర్ప్‌స్ట్రా ఫర్నిచర్ దుకాణం పాత ఇటుక భవనం. దాని గోడ పడమటి గాలికి ఎదురొడ్డి ఉంటుంది. ముసలి టర్ప్‌స్ట్రా చేతులు చంకల్లో పెట్టుకుని బయటికి వచ్చాడు.

"ఏమ్మా ఎల్వినా, పోయినసారిలా ఒక మూల ఊడి కుక్క చెవిలా వేలాడితే ఒప్పుకోను. నాలుగు మూలలా ఇనుప తీగ బిగించండి. నా ఆఖరి అమ్మకం ఇది."

"ఊడాలనే అలా కట్టామండీ. పెద్ద గాలికి ఒక మూల వదలకపోతే మీ ఇటుకలు ఊడి వస్తాయి."

"రానీ. ఇంకెన్నాళ్ళు నా గోడ?" అని నవ్వాడు.

ఆయన లోపలికి వెళ్ళాక డార్సీ గొంతు తగ్గించాడు. "తీగే వేసేద్దామమ్మా. లేకపోతే రోజూ ఫోన్లు చేసి చంపుతాడు."

"వెయ్యి. నిచ్చెన నేను పట్టను."

ఆమె దగ్గరున్న బెదిరింపు అదొక్కటే. డార్సీ ఏదో గొణుక్కుని రబ్బరు తాళ్ళు భుజాన వేసుకున్నాడు.

మూడు మూలలకూ సాగే రబ్బరు తాళ్ళు, గాలికి ఎదురుండే కింది మూలకు వంటింటి దారం. పీటర్ పద్ధతి అది. గాలి మితిమీరితే ముందు దారం తెగుతుంది, గుడ్డ పక్కకు తిరిగి గాలిని వదిలేస్తుంది, గోడా మనిషీ మిగులుతారు.

డార్సీ ఎక్కాడు. ఎల్వినా నిచ్చెన కాళ్ళకు బూట్లు అడ్డం పెట్టి, రెండు చేతులతో పట్టుకుని, ఒళ్ళంతా ఆనించింది. వీధి చివర ఎండుటాకులు లేచినప్పుడల్లా అరిచింది.

"గాలీ!"

"తెలుసూ!" అన్నాడు పైనుంచి.

ఎదురుగా కాఫీ దుకాణంలో ఎవరో ఫక్కున నవ్వారు. వాళ్ళు ఆమెకు సైరన్ అని పేరు పెట్టారు.

మూడు మూలలు అయ్యాయి. నిచ్చెనను నాలుగో మూల కిందికి, వాననీటి ఇనుప గొట్టం పక్కకు జరిపారు. దారం కొస పట్టుకుని డార్సీ మళ్ళీ ఎక్కాడు. ఆమె జేబులోని ఉండ నుంచి దారం అతని వెంట పైకి పాకింది.

అప్పుడు వచ్చింది నొప్పి. రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి తొక్కినట్టు. ఎడమ చేతి వేళ్ళు నిచ్చెనను వదిలేశాయి. కళ్ళ ముందు గోడ మసకబారింది.

పిలిస్తే డార్సీ వస్తాడు. రెండేసి మెట్లు దాటుతూ, దేన్నీ పట్టుకోకుండా దూకుతాడు. కింద నిచ్చెనను పట్టేవాళ్ళుండరు. వీధి చివర ఆకులు లేస్తున్నాయి.

పిలవలేదు. మెడకున్న బూడిదరంగు ఉన్ని స్కార్ఫ్‌ను ఒంటి చేత్తో లాగింది. నిచ్చెన కాలినీ గొట్టాన్నీ కలిపి చుట్టింది. పీటర్ నేర్పిన ముడి, లాగేకొద్దీ బిగిసేది. చుట్టూ తిప్పి, పంటితో పట్టి లాగి బిగించింది. అప్పటికి కాళ్ళు నిలవలేదు. కింది మెట్టు మీద కూర్చుని, నిచ్చెన కమ్మీకి తల ఆనించింది.

"దారం వదులమ్మా," అన్నాడు డార్సీ.

దారం రాలేదు.

"అమ్మా! నిద్రపోయావా ఏంటి? దారం!"

విసుక్కుని, అందినంత కోసి ముడి వేశాడు. వేలు ఇంకా ముడి మీద ఉండగానే గాలి కొట్టింది. ముందుగా అరుపు వినపడకుండా గాలి రావడం అతనికి అదే మొదటిసారి. నిచ్చెనను రెండు చేతులా కావలించుకున్నాడు. బ్యానర్ ఉబ్బి, గర్జించింది. దారం ఫట్టుమని తెగి, గుడ్డ మూల అతని తల మీదుగా ఎగిరిపోయింది. నిచ్చెన కిర్రుమంది. కదల్లేదు.

"ఏమైంది, సైరన్ మూగబోయిందా?" అంటూ దిగాడు.

ఎల్వినా గాలి వచ్చే దిక్కుకే చూస్తోంది. గాలి దుమ్ము కళ్ళల్లో పడుతున్నా రెప్ప వెయ్యలేదు.

టర్ప్‌స్ట్రా అమ్మకానికి పెట్టిన దుప్పటి ఒకటి తెచ్చి, చీటీ తెంపి, ఆమె మీద కప్పాడు. అంబులెన్సు వచ్చి ఆమెను తీసుకెళ్ళింది.

పొద్దు వాలుతుండగా డార్సీ నిచ్చెన కోసం తిరిగి వచ్చాడు. వంగి ముడి విప్పబోయాడు. లాగేకొద్దీ అది బిగిసింది. జేబులో కత్తి ఉంది. తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. నిచ్చెనను అక్కడే వదిలి ట్రక్కు వైపు నడిచాడు.

పైన బ్యానర్ మూల గోడను కొడుతూనే ఉంది. కింద, ఇనుప గొట్టానికి నిచ్చెన కాలిని పట్టి ఉంచిన బూడిదరంగు స్కార్ఫ్, ఒక కొస మీద ఇంకా చెరగని పంటి గాట్లతో, గాలిలో ఆడుతోంది.