ఉల్లిపొరలో తేజోగోళం

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆ డిగ్రీ కాలేజీ జీవశాస్త్రం ల్యాబ్ తలుపు తోసి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ముప్పైమంది మొదటి సంవత్సరం విద్యార్థులు, ముప్పై పెన్సిళ్ళు, గుసగుస అన్నదే లేదు. అందరూ తలలు వంచుకుని బొమ్మలు గీస్తున్నారు. ఆహా, చదువంటే ఇదీ అనిపిస్తుంది. ఇంకాస్త దగ్గరికి రండి. బల్లలమీద పదిహేను మైక్రోస్కోపులున్నాయి. వాటిలో పద్నాలుగింటికి ముసుగు కూడా తియ్యలేదు.

మరి వీళ్ళు ఏం చూసి గీస్తున్నట్టు? తాతగారిని చూసి.

తాతగారంటే మనిషి కాదు, ఒక పాత ప్రాక్టికల్ రికార్డు. ఎప్పటిదో ఎవరికీ తెలియదు. పేరున్న మొదటి పేజీ ఎప్పుడో చిరిగిపోయింది, అట్ట నాలుగుసార్లు మారింది. మొక్కలవి ఐదు ప్రయోగాలు, జంతువులవి ఐదు, మొత్తం పది ప్రయోగాల బొమ్మలూ అందులో చక్కగా ఉన్నాయి. పైతరగతివాళ్ళు వెళ్ళిపోతూ కిందితరగతివాళ్ళకు భద్రంగా అప్పజెబుతారు. దానిలో ఉన్నట్టు గీస్తే సంతకం ఖాయం. అలాంటప్పుడు మైక్రోస్కోపులో కన్ను పెట్టి మెడనొప్పి తెచ్చుకోవడం దేనికి? ఇదీ ఆ ల్యాబ్ న్యాయం. కోప్పడకండి, మనలో చాలామంది చదువులు ఇలాగే గట్టెక్కాయి.

ముసుగు తీసిన ఆ పదిహేనో మైక్రోస్కోపు ముందు కూర్చున్నావిడకు ముప్పైతొమ్మిదేళ్ళు. వీధి మొగలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, చొక్కాలు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. పన్నెండో తరగతి దగ్గర ఆగిన చదువు ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది. పిల్లలంతా ఆవిణ్ణి ‘టైలరక్క’ అంటారు. మొదట్లో వెటకారంగా అన్నారు. తమ చొక్కా గుండీలు ఊడినప్పుడల్లా ఆవిడే కుట్టిపెట్టడం మొదలయ్యాక ప్రేమగా అంటున్నారు.

టైలరక్కకు తాతగారి అవసరం రాలేదు. కళ్ళతో కొలవడం ఆవిడకు ఇరవై ఏళ్ళ అలవాటు. బొద్దింకకు కాళ్ళు ఎన్నో లెక్కపెట్టి గీసింది. వానపాము ఒంటిమీది ఉంగరాలు కూడా ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టింది. బుగ్గ లోపల అగ్గిపుల్లతో గీకి, నీలిరంగు చుక్క వేసి చూసిననాడైతే ల్యాబంతా వినిపించేలా అరిచింది. “అమ్మో! ఇదంతా నా బుగ్గలోనే ఉందా? ముప్పైతొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను, ఎవరూ చెప్పలేదే!”

ఇంత సంబరంలో ఒకే ఒక్క ముల్లు. పది ప్రయోగాల్లో తొమ్మిదింటికి సంతకాలు పడ్డాయి. మొట్టమొదటిది, ఉల్లిపొర కణం బొమ్మ, ఆగిపోయింది. శుక్రవారం లోపల పదో సంతకం పడకపోతే రికార్డు వెళ్ళదు, రికార్డు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

“బొమ్మ బాగుందమ్మా, కాదనను,” అన్నాడు రికార్డులు దిద్దే డెమాన్‌స్ట్రేటరు. మనిషి మంచివాడే. ఈ కాలేజీలోనే చదివి ఈ ల్యాబ్‌లోనే ఉద్యోగంలో చేరాడు. “కణకవచం వేశారు, కేంద్రకం వేశారు, లోపలి ద్రవం చూపించారు. తేజోగోళం ఏదీ?”

“అదేంటి సార్?”

“కేంద్రకం పక్కన గుండ్రంగా, చుట్టూ నల్లటి అంచుతో, మధ్యలో తళతళలాడుతూ ఉంటుంది. అందరూ వేశారు చూడండి.”

నిజమే. తాతగారి మొదటి బొమ్మలో ఆ గోళం ఉంది. పక్కన చిన్న చీటీ అంటించి, దానిమీద ముత్యాల్లాంటి అక్షరాలతో ‘తేజోగోళం’ అని రాసి ఉంది. ముప్పైమందిలో ఇరవైతొమ్మిది మంది అది వేశారు. పాఠ్యపుస్తకంలో ఆ మాట లేదే అని అడగవచ్చు మీరు. పాఠ్యపుస్తకం రాతపరీక్షకు, రికార్డు ప్రాక్టికల్‌కు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పుణ్యాత్ములు ఆ కాలేజీలో లేరు.

“నాకు కనిపించలేదు సార్,” అంది టైలరక్క.

“కనిపించకపోతే వేసెయ్యండమ్మా, ఎంతలో పని?”

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు మిషను దగ్గర కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతున్నారు. కోడలు కాలేజీలో చేరిన దగ్గర్నుంచి వంటా, ఈ హుక్కులూ ఆవిడవే. జరిగింది విని కళ్ళజోడు నుదుటిమీదికి ఎత్తారు.

“ఏమే, ఒక్క సున్నా కోసమా ఈ రాద్ధాంతం? ముగ్గులేసే చెయ్యి నీది, సున్నా చుట్టలేవూ? నీ కాలేజీ కోసం నా నడుం పడిపోతోంది. అది ఊరికే పోతే మాత్రం నేను ఊరుకోను.”

“సున్నా చుట్టడం రాక కాదత్తయ్యా. గుండీ లేనిచోట కాజా కుట్టమంటే మీరు కుడతారా?”

అత్తగారు కళ్ళజోడు కిందికి దించుకుని మళ్ళీ హుక్కు అందుకున్నారు. అన్నాలయ్యాక టైలరక్క రికార్డు ముందు పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన చదువు. పెన్సిలుతో ఒక్క సున్నా. తెల్లవారేలోపు రెండుసార్లు రికార్డు తెరిచింది, రెండుసార్లూ మూసింది. ఎంత ఆశగా ఉన్నా చెయ్యి రాలేదు.

మర్నాడు ఉదయం డెమాన్‌స్ట్రేటరు ముందు నిలబడి ఒకే మాట అంది. “సార్, ఒక్కసారి మీరు నాకు చూపించండి. నా కళ్ళతో చూశానంటే ఇక్కడే, మీ ముందే గీసేస్తాను.”

అడిగింది న్యాయం. ఆయన నవ్వుతూ సరేనన్నాడు. ఉల్లిపాయ కోసి, లోపలి పలచటి పొర లాగి, గాజుపలకమీద నీటిచుక్కలో పరిచి, అయోడిన్ వేసి, పైన సన్నటి గాజుబిళ్ళ కప్పమన్నాడు. ఆవిడ కప్పింది. ఆయన కన్ను పెట్టి చూశాడు. మళ్ళీ తిప్పి చూశాడు. గోళం లేదు.

“ఈ ఉల్లిపాయ లేతదేమో. ఇంకోటి తెండి.”

ఇంకోటి. దానిలోనూ లేదు. మూడోది, నాలుగోది. ఈలోగా పిల్లలకు పట్టుదల వచ్చింది. మేం వేసిన బొమ్మ తప్పా? అదెలా అవుతుంది? పద్నాలుగు ముసుగులూ ఒక్కసారి తొలిగాయి. ముప్పైమందీ ఉల్లిపాయలమీద పడ్డారు. పది నిమిషాల్లో ల్యాబంతా ముక్కులు ఎగబీలుస్తూ కళ్ళు తుడుచుకుంటూ ఘొల్లుమంది. వరండాలో పోతున్నవాళ్ళు ఎవరు పోయారోనని తొంగిచూశారు.

“వచ్చింది! వచ్చింది!” అని కేక. అరిచింది ఏ పనైనా అందరికంటే ముందు ముగించే ఒక అమ్మాయి. అందుకే తనను అందరూ ‘రాకెట్’ అంటారు. డెమాన్‌స్ట్రేటరు పరుగెత్తాడు. ఉంది! నల్లటి అంచు, మధ్యలో తళతళ. తాతగారి బొమ్మలో ఉన్నట్టే ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది.

“చూడండమ్మా, ఇప్పుడైనా ఒప్పుకుంటారా?”

టైలరక్క వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చేతిలో ఉన్న సూదితో గాజుబిళ్ళను మెల్లగా నొక్కింది. గోళం కదిలింది. కేంద్రకం పక్క నుంచి జారి, కణం గోడ దాటి, పక్క కణంలోంచి, దాని పక్కదానిలోంచి తాపీగా నడుచుకుంటూ అంచుదాకా వచ్చి టప్పున మాయమైంది.

“సార్,” అంది ఆవిడ, నవ్వు పెదాలకిందే ఆపుకుంటూ. “కణంలో ఉండేదైతే గోడలు దాటి షికారుకెళ్ళిపోతుందా? ఇది గాలిబుడగ సార్. రాకెట్ తల్లీ, బిళ్ళ ఎలా వేశావు?”

“టపీమని పడేశానక్కా.”

“అదీ సంగతి! కాలర్ బిర్రుగా నిలవడానికి లోపల బక్రం గుడ్డ అతికించేటప్పుడు మేం టపీమని పడెయ్యం. ఒక అంచు ఆనించి, రెండో అంచు మెల్లగా వాల్చుకుంటూ వస్తాం. లేకపోతే మధ్యలో గాలి నిలబడి కాలర్ బూరెలా ఉబ్బుతుంది. నా చెయ్యి అలవాటుకొద్దీ ఇక్కడా అలాగే వాల్చింది. అందుకే నాకు మీ గోళం దొరకలేదు.”

ముప్పైమందీ ఒక్కపెట్టున నవ్వారు. డెమాన్‌స్ట్రేటరు కూడా కుర్చీలో కూలబడి, చేతులతో మొహం కప్పుకుని, “ఎనిమిదేళ్ళు దిద్దాను తల్లీ, ఎనిమిదేళ్ళు!” అంటూ నవ్వాడు. తనూ ఆ తాతగారి మనవడే మరి.

ఆ గోల విని పక్కగదిలో పాఠం చెబుతున్న ప్రొఫెసరమ్మ వచ్చారు. జుట్టు సగం నెరిసినావిడ, ఆ శాఖకు పెద్ద. సంగతంతా విన్నారు. “ఏదీ, ఆ తాతగారిని ఇలా తెండి,” అన్నారు. రికార్డు తెరిచిన చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆవిడ మొహంలో రంగులు మారడం అందరూ చూశారు.

“టైలరక్కా,” అన్నారు మెల్లగా, పిల్లలు పిలిచే పేరుతోనే. “కుట్లు విప్పే చెయ్యి కదా. కాగితం చిరక్కుండా ఆ చీటీ ఊడదియ్యగలవా?”

టైలరక్క సూదిమొనతో ‘తేజోగోళం’ చీటీని అంచునుంచి ఒక్కొక్క పోగూ విప్పినట్టు లేపింది. కింద ఎర్రసిరాతో రెండు వాక్యాలు బయటపడ్డాయి. ‘ఇది గాలిబుడగ. మళ్ళీ చూసి గీయి.’

“ఆ ఎర్రసిరా మా మాస్టారిది,” అన్నారు ప్రొఫెసరమ్మ. “ఆ చీటీ నాది. ఈ రికార్డు నాది.”

రికార్డు బల్లమీద పెట్టి పిల్లలవైపు తిరిగారు.

“అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. క్లాసులో మొదటి ర్యాంకు. నాకు తప్పు రావడమా అని తలకొట్టేసినట్టయింది. ఇంకోసారి చూసి గీస్తే పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు సిగ్గుపడలేక తప్పుమీద చీటీ అంటించి, దానికి గొప్ప పేరు పెట్టి, కాలేజీ వదిలి వెళుతూ జూనియర్ల చేతిలో పెట్టాను. ఏదో ఒకనాడు చింపేసి ఉంటారనుకుని మర్చిపోయాను. మళ్ళీ ఇక్కడికే వచ్చి, ఆఖరిపేజీ తప్ప వెనక్కి తిప్పకుండా సంతకాలు పెట్టాను.” ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలమీదికి నెట్టడానికి వీలుంది గాని ఆవిడ నెట్టలేదు. “పిల్లలూ, నేను బుడగ గీయడం తప్పు కాదు. కనిపించింది గీశాను. దిద్దుకోకపోవడం తప్పు. మీరేమో కనిపించనిదాన్ని గీశారు. నేను కప్పెట్టాను, మీరు మోశారు. మన ఇళ్ళలో, ఆఫీసుల్లో, వీధుల్లో ఎవరో ఒకప్పుడు సిగ్గుపడి అంటించిన చీటీలు ఇంకెన్నున్నాయో! ఊడదీసి చూసేవాళ్ళు ఒక్కరు చాలు.”

ఆ తర్వాత ఆవిడ చేసిన పని ఆ కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఉల్లిపొర తీశారు. గాజుబిళ్ళ అంచు ఆనించి, “ఇలాగేనా, కాలర్ బక్రం?” అని టైలరక్కను చూసి నవ్వి, మెల్లగా వాల్చారు. చూసి గీశారు. గీసిన కాగితం విద్యార్థిలా రెండు చేతులతో డెమాన్‌స్ట్రేటరుకు అందించారు. ఆయన గతుక్కుమన్నాడు. అలవాటుకొద్దీ పెన్ను తీశాడు. మళ్ళీ పెన్ను పక్కన పెట్టి, ముందు మైక్రోస్కోపులోకి వంగాడు. చూశాకే సంతకం చేశాడు. ఆ వెంటనే టైలరక్క రికార్డులో పదో సంతకం పడింది. పిల్లలు బల్లలు చరిచి ఈలలు వేశారు. మిగతా ఇరవైతొమ్మిది మందీ రబ్బర్లు వెతుక్కున్నారు.

ఆవిడ ఆ పరీక్ష రాసింది, మంచి మార్కులతో గట్టెక్కింది కూడా. కాని నాకు ఇష్టమైన ముక్క అది కాదు. ఆ వచ్చిన శనివారం ప్రొఫెసరమ్మ అనుమతి తీసుకుని టైలరక్క అత్తగారిని ల్యాబ్‌కు తీసుకువెళ్ళింది. అత్తగారు కళ్ళజోడు తీసి, ఒక కన్ను మూయడం రాక చేత్తో మూసుకుని, మైక్రోస్కోపులోకి చూశారు. ఇటుకలు పేర్చినట్టు గదులు, గదికొక బంగారు చుక్క.

“ఓసి నీ ఇల్లు బంగారం కాను! యాభై ఏళ్ళుగా దీన్నేనా నేను ఏడుస్తూ తరిగింది? ఇంత అందం పెట్టుకుని ఒక్క మాటైనా చెప్పలేదే ఈ ఉల్లిపాయ!” తిప్పి తిప్పి చూశారు. “అవునూ, నువ్వు గీయనన్న ఆ సున్నా ఏదే?”

“లేదత్తయ్యా.”

అత్తగారు ఇంకోసారి చూశారు, నిజంగానే లేదని తేల్చుకోవడానికి. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, కోడలి గడ్డం పట్టుకుని, ల్యాబ్‌లో ఉన్న అందరికీ వినపడేలా అన్నారు. “అయితే మంచి పని చేశావు. ఉన్నది వదలకూడదు, లేనిది గీయకూడదు. ఏది ఉందో ఏది లేదో ఎవరిమటుకు వాళ్ళు కన్నుపెట్టి చూసుకోవాల్సిందే!”