బూట్లు వేసుకునేంతసేపు

స్తుర్లా వేడినీళ్ల తొట్టిలో గడ్డం దాకా మునిగి కూర్చున్నాడు. నెత్తిన సన్న వడగళ్లు రాలుతున్నాయి. ఒళ్లంతా వేడి, పైనంతా చలి. మధ్యలో తల ఒక్కటీ ఎటూ తేల్చుకోలేక ఎర్రబడింది. ఊరి పడమటి పేటలోని ఈ ఈతకొలనుకి రోజూ పొద్దున్నే వచ్చేవాళ్లలో ఈదేవాళ్లు తక్కువ. తక్కినవాళ్లు ఈ గుండ్రటి తొట్టిలో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని దేశాన్ని చక్కదిద్దుతారు. బట్టలు విప్పి ఒకే గదిలో సబ్బు రుద్దుకుని వచ్చిన మనుషుల మధ్య పెద్దా చిన్నా ఉండదు. స్తుర్లా నవలలకు అసలు విమర్శకులు వీళ్లే. పత్రికలవాళ్లకు కాస్త మొహమాటమైనా ఉంటుంది.

ఆ రోజు ఓట్టార్ అందుకున్నాడు. జన్మంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి.

"పోయినేటి నీ పుస్తకంలో ఒకడు కాఫీ తాగడానికి మూడు పేజీలు పట్టిందయ్యా. సినిమా అయితే మధ్యలో లేచిపోవచ్చు. అది మా అత్తగారు పండక్కి ఇచ్చిన బహుమతి. ఎక్కడికని లేచిపోను?"

"నీ బస్సులో నేనూ అలాగే కూర్చున్నాను," అన్నాడు స్తుర్లా.

తొట్టి అంతా నవ్వింది. తనూ నవ్వబోతే ఎడమ భుజంలో ఏదో లాగింది. నీళ్లు మరీ వేడిగా ఉన్నాయనుకుని ఒక మెట్టు పైకి జరిగాడు.

కొత్త నవల ఎంతవరకూ వచ్చిందని అడిగారు. ఆఖరి పేజీ మిగిలిందనీ, సాయంత్రం ప్రచురణ సంస్థ నుంచి బిర్నా వచ్చి పట్టుకెళుతుందనీ చెప్పాడు. అది ఈ రోజు వెళ్లకపోతే క్రిస్మస్‌కి పుస్తకం ఉండదు. ఈ దేశంలో పుస్తకాలన్నీ ఆ పండగ ముందే పుడతాయి. ఆ రాత్రి క్రిస్మస్ చెట్టు కింద బహుమతుల్లో తన పుస్తకం లేని రచయితను మర్నాడు తొట్టిలో జాలిగా పలకరిస్తారు. తిట్లకు అలవాటుపడ్డ స్తుర్లాకి జాలి పడదు.

ఆయన మొదట సినిమా దర్శకుడు. ప్రాగ్‌లో చదువుకొచ్చి మూడు సినిమాలు తీశాడు. మూడోదాంట్లో భార్య పోయిందని తెలిసి కథానాయకుడు వానలో పరుగెత్తుకొచ్చి, బురద బూట్లతోనే హాలు దాటి, పడకగదిలో మంచం పక్కన కూలబడతాడు. అందరూ ఏడవాలని తీసిన దృశ్యం. గుమ్మంలో బూట్లు విప్పకుండా ఎవరూ లోపలికి రాని దేశం కదా, హాల్లో ఒక్కరూ ఆ మనిషి ముఖం చూడలేదు. వెనక వరసలో ఒకావిడ "అయ్యో తివాచీ" అని పైకే అంది. సినిమా వారం ఆడలేదు. మరో సినిమాకి ఎవరూ ముందుకు రాలేదు. స్తుర్లా నవలల్లోకి దిగాడు. నవలలో కాళ్లు కనిపించవు.

కానీ కళ్లతో చూడకపోతే వాక్యం రాయలేని అలవాటు మాత్రం పోలేదు. చేతిలో నటులు లేరు. పోస్టాఫీసులో స్టాంపులమ్మే భార్య హెర్దిస్ ఉంది. ఆవిడ సాయంత్రాలు స్నానాలతొట్టిలో పడవ మునిగి చచ్చిపోయింది, సోఫాలో కవలల్ని కంది, ఫ్రిజ్ పక్కన తుపాకి గుండుకు ఒరిగింది. చాలనుకున్నప్పుడు ఆయన వేలితో దేన్నయినా రెండుసార్లు తట్టేవాడు. ఆవిడ లేచి, దుమ్ము దులుపుకుని, బంగాళాదుంపల తొక్క తీసేది.

ఆ మధ్యాహ్నం ఆఖరి పేజీ. నవలలో ఓలెవ్ అనే ఆవిడ మొగుణ్ణి వదిలి వెళ్లిపోవాలి. "విసురుగా లేచి తలుపు దభాలున వేసి వెళ్లిపోయింది" అని రాసుంది. హెర్దిస్ ఆయన భుజం మీదుగా చదివింది.

"ఏ కాళ్లతో? మేజోళ్లతోనా?"

స్తుర్లా పెన్ను కింద పెట్టాడు.

ఆవిడ పొయ్యి మీద దుంపలు పెట్టి, కోపం తెచ్చుకుని, గుమ్మంలోని బల్ల మీద కూర్చుంది. ఉన్ని మేజోళ్లు తొడుక్కుంది. ఒక బూటు వేసుకుంది. రెండోదాని తాడు ముడిపడి ఉంది, గోటితో విప్పసాగింది. వంటింట్లో దుంపల నీళ్లు కుతకుతలాడుతున్నాయి.

"కోపం రెండో బూటు దాకా ఉండదు, స్తుర్లా."

"ఉంటే?"

"ఉంటే అది కోపం కాదు. అప్పటికి మనసు కుదిరిపోయిందన్నమాట."

ఆయన చాలాసేపు ఆ బూట్ల వంక చూసి, పాత వాక్యం కొట్టేసి గబగబా రాశాడు. బూట్లు, కోటు, టోపీ, తెరిచిన తలుపు అన్నీ కుదిరాయి. ఇక ఒక్కటే మిగిలింది: ఓలెవ్ వీధి మూల దగ్గర వెనక్కి తిరిగి చూస్తుందా? చూడదన్నాడాయన. అన్ని ముడులు విప్పుకుని వెళ్లే మనిషి ఎందుకు చూస్తుందన్నాడు. నడిస్తే తెలుస్తుందంది హెర్దిస్. ఆయన కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాడు. చాలనుకుంటే అద్దం మీద తడతాడు.

బయట సముద్రం మీది గాలి కోటును వెనక్కి గుంజుతోంది. ఆవిడ ఓలెవ్ నడిచినట్టే నడిచింది. పక్కింటి కంచె దాటింది, ఎర్ర రేకుల గరాజు దాటింది. అద్దం చప్పుడు లేదు. మూల దగ్గర ఆగింది. చెవులు జివ్వుమంటున్నాయి. దుంపలు మాడతాయని విసుక్కుంది. తిరగకూడదని చెప్పాడు కాబట్టి ఇంకాస్త ఓర్చుకుంది.

తర్వాత తిరిగి చూసింది.

స్తుర్లా కిటికీలోనే ఉన్నాడు. నుదురు అద్దానికి ఆని ఉంది. ఆవిడ చెయ్యి ఊపింది. ఆయన ఊపలేదు.

ఇంట్లోకి వచ్చి గుమ్మంలోని బల్ల మీద కూర్చుంది. ఒక బూటు విప్పింది. రెండోదాని ముడి నెమ్మదిగా, తాడు నలగకుండా, ఓపిగ్గా విప్పింది. అది ఊడేదాకా ఆవిడకి స్తుర్లా బతికే ఉన్నాడు.

డాక్టరు వచ్చింది. అంబులెన్స్ వాళ్లు బూట్ల మీద నీలం సంచులు తొడుక్కుని వచ్చి ఆయన్ని తీసుకెళ్లారు. ఇంట్లో మాడిన దుంపల వాసన మిగిలింది.

బిర్నాకి ఫోను చెయ్యడం ఎవరికీ తోచలేదు. చెప్పిన వేళకు నవ్వుతూ వచ్చి, గుమ్మంలో ఒక బూటు విప్పాక విషయం విని, రెండోది కాలికుండగానే అలా నిలబడిపోయింది. పుస్తకం సంగతి వచ్చే ఏడు చూసుకుందామంది. వద్దంది హెర్దిస్. పేజీలు తెచ్చి చేతిలో పెట్టింది. బిర్నా బల్ల మీదే కూర్చుని ఆఖరి పేజీ చదివింది.

"తలుపు తెరవడంతో ఆగిపోయింది, హెర్దిస్."

"తర్వాత మూల దాకా నడుస్తుంది. అక్కడ వెనక్కి తిరిగి చూస్తుంది."

"స్తుర్లా అలా చెప్పాడా?"

"లేదు. చూడదన్నాడు."

బిర్నా పెన్ను తీసింది కానీ కాగితానికి ఆనించలేదు.

"తను లోపల కూర్చున్నాడు, బిర్నా. నడిచింది నేను. రాసుకో."

బిర్నా రాసుకుంది. వెళ్లేటప్పుడు హెర్దిస్‌ని గట్టిగా వాటేసుకుంది.

తలుపు మూసి, హెర్దిస్ ముఖం కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్లింది. హీటరు గొట్టం మీద పొద్దున ఆయన ఆరేసిన ఈత నిక్కరు వేలాడుతోంది. ఒకప్పుడు నీలం, ఇప్పుడు ఏ రంగో చెప్పలేం. కాళ్ల దగ్గర ఆరింది. నడుం పట్టీ దగ్గర ఇంకా తడిగానే ఉంది.