విమానం తోకకి నిమ్మకాయ

"ఇస్త్రీ పెట్టె నీ సేతికి అలవాటే కదా, ఇది కూడా నువ్వే సేసీ" అన్నాడు మా బావ, నేను ఇస్త్రీ చేస్తున్న చొక్కాల మీద ఎర్రటి ప్లాస్టిక్ కాగితం చుట్ట పడేసి. విమానం రెక్కలకి అతికించే కాగితం అది. వేడి తగిలితే ముడతలు పోయి చెక్కకి బిగుసుకుంటుంది.

బావ అంటే నా మొగుడు బాలకృష్ణే. మేనమామ కొడుకు. పలాసలో మాకు జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. దాన్ని మేస్త్రీ నడుపుతాడు. ఇల్లు నేను నడుపుతాను. మిగిలిన ప్రపంచాన్ని బావ నడుపుతాడు, అరుగు మీద కుర్చీ వేసుకుని.

ఆ ఏడాది బావ చేతికి కొత్త సెల్‌ఫోన్ వచ్చింది. అది పాతబడగానే హైదరాబాదు నుంచి ఈ విమానం పార్సిల్ తెప్పించాడు. ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలుండి, చేతిలో రేడియో పెట్టె పట్టుకుని నడిపే రకం. వైజాగ్‌లో ఎవరో స్నేహితుడి దగ్గర కొన్ని ఆదివారాలు ఎగరెయ్యడం నేర్చుకొచ్చాడు కూడా. స్నేహితుల ముందు అట్టపెట్టె తెరిచి, మూత మీది బొమ్మ అందరికీ చూపించి, టీలు తెమ్మన్నాడు. లోపలున్నవన్నీ చెక్కపుల్లలని మర్నాడు గానీ తెలియలేదు. "ఇదేటి, అగ్గిపుల్లల కార్ఖానా నాగుంది" అని మంచం కిందికి తోసేశాడు.

తుడుస్తుంటే చీపురికి తగిలింది. పైకి లాగి, అందులో ఉన్న పుస్తకం విప్పాను. బావ బొమ్మలు చూశాడు. నేను చదివాను. చదివాక వదలబుద్ధి కాలేదు. పుల్లలు జిగురుతో అతికించడం, కాగితం ఇస్త్రీ చెయ్యడం, అన్నీ ఒక్కొక్కటిగా నా చేతికే వచ్చాయి, ఈ ఇంట్లో పనులన్నీ వచ్చినట్టే. "ముందు నేను తిప్పుతాను, తరవాత ఓ రౌండు నీకూ ఇత్తానులే" అన్నాడు బావ ఒకరోజు. పిల్లలకి జీళ్ళు చూపించినట్టు అన్నాడు. అయినా ఆశపడ్డాను. నలభై దాటిన ఆడదానికి బొమ్మ విమానం మీద ఈ ఆశేమిటని అత్త అడగకముందే నన్ను నేను అడుక్కున్నాను. ఒక్క రౌండు. అంతే కావాలి నాకు.

అన్నిటికంటే కష్టం రెక్కలు బిగించడం. పై రెక్క ఒక వాలులో, కింది రెక్క మరో వాలులో ఉంటే రెండూ విమానాన్ని చెరోవైపు లాగుతాయట. స్వీట్ల డబ్బా అట్టని ఏటవాలుగా కత్తిరించి, రెండు రెక్కల కింద మార్చి మార్చి పెట్టి చూసేదాన్ని. తోక మొదట్లో దారం పట్టి ఎడమ రెక్క కొసకి లాగి, అదే దారాన్ని కుడి కొసకి లాగేదాన్ని. సమంగా రాకపోతే మళ్ళీ వదులు చేసి జరపడమే. సరిగ్గా కుదిరే వేళకి అత్త రాజులమ్మ గదిలోంచి కేకేసేది, కళ్ళజోడు కనబడటం లేదని. అది ఆవిడ నెత్తి మీదే ఉండేది. దారం పళ్ళ మధ్య పట్టుకునే అరుగు మీదికి టీలు పోసి పంపేదాన్ని. బావ అటుగా పోతూ, "ఓ వేలెడు ఇటో అటో అయితే ఏటవుద్దే?" అనేవాడు. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో మనిషి ఎటు ఒరిగిందో ఎవరూ దారం పెట్టి కొలవలేదు. చెక్క సంగతి అతనికెలా తెలుస్తుంది?

చివరికి ఒక మధ్యాహ్నం పై రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి విమానాన్ని ఎత్తాను. ముక్కు రవ్వంత కిందికి వంచి, పుస్తకంలో చెప్పినట్టే కదలకుండా నిలబడింది. ఆ పూట అన్నం మాడింది. ఎవరేమన్నారో వినలేదు.

టెక్కలి కాలేజీ గ్రౌండులో జీడిపప్పు వ్యాపారుల ఆటలపోటీలు. బావ మైకు పుచ్చుకుని, "ఈ విమానం నా సొంత చేతులతో కట్టాను" అన్నాడు. మైకులో అతని భాష మారుతుంది. నేను షామియానా కింద మజ్జిగ పోస్తున్నాను, నా రౌండు కోసం కొంగు బొడ్లో దోపుకుని. ఇంతలో అత్త వంగి విమానం తోకకి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దారం కడుతోంది.

గ్లాసు కింద పెట్టి పరిగెత్తాను. తోక బరువైతే ముక్కు లేచిపోతుంది, తీసేయించమన్నాను. బావ పక్కనున్న మగాళ్ళ వైపు చూసి నవ్వాడు.

"కొత్త లారీకి కడితే లారీ పడిపోనాదేటి? ఎల్లు, మజ్జిగ సూడు."

"లారీ ఎగరదు బావా" అన్నాను. అప్పటికే ఇంజను మొదలైంది. ఇంజను నూనెలో కలిపే ఆముదం కాలిన వాసన, చప్పుడు. నా మాట నాకే వినబడలేదు.

విమానం లేచింది. ముక్కెత్తింది, ఇంకా ఎత్తింది, ఒక్క క్షణం ఆగింది. ఎడమ రెక్క మీద పక్కకి జారి వాలీబాల్ కోర్టులో కూలింది. నిమ్మకాయ మాత్రం చెక్కుచెదరలేదు.

జనం నవ్వుతుంటే బావ మళ్ళీ మైకు అందుకున్నాడు. "రెక్కలు బిగించింది మా ఆవిడ లెండి. అసలు కట్టిందంతా అదే. ఆడాళ్ళ పని ఇలాగే ఉంటుంది."

నీ సెయ్యి మంచిది కాదే అని అత్త గొణుక్కుంది. ముక్కలన్నీ మజ్జిగ బల్ల మీది గుడ్డలో మూటకట్టాను. పలాస దాకా కారులో మూట ఒళ్ళోనే ఉంది. నేను ఏడుస్తున్నాననుకుని బావ పాటలు పెట్టాడు. నేను మైకులో అతనన్న మాటని జాగ్రత్తగా దాచుకుంటున్నాను.

వచ్చే నెల పలాసకి పార్టీ పెద్దాయనెవరో వస్తున్నాడని, ఆయన ముందు ఎగరేస్తే జెడ్‌పీటీసీ టికెట్టు దగ్గరపడుతుందని, మళ్ళీ కట్టమన్నాడు బావ. కట్టాను. అదే దారం, అదే అట్టముక్క. ఈసారి అత్త పిలిచినా, టీలు అడిగినా, దారం చేతిలోంచి వదల్లేదు.

పెద్దాయన రావడానికి ముందురోజు పొద్దున్నే బావ హాల్లోకొచ్చాడు. వీధిలో నేను పిలిపించిన ఆటో ఆగి ఉంది. నౌపడలో ఉప్పు మడుల పక్కన ఎండిపోయిన మైదానం దగ్గర నా స్నేహితురాలు మహాలక్ష్మి ఎదురుచూస్తోంది. విమానం నా చంకలో, రేడియో పెట్టె నా చేతిలో ఉన్నాయి.

"అయిపోనాదేటి? ఇలాగియ్యి" అని రెండు చేతులూ చాపాడు.

"అయింది. ఇది నాది బావా. కట్టిందంతా నేనేనని మైకులో నువ్వే సెప్పినావు."

"పడిపోద్దే. నీకు తిప్పడం రాదు."

"పడితే మళ్ళీ కడతాను. కట్టడం వచ్చు."

చాపిన చేతులు ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు. "మరి రేపు పెద్దాయన ముందు నేనేటి ఎగరెయ్యాలి?"

చెప్పులేసుకున్నాను.

"నీది నువ్వు కట్టుకో. నిమ్మకాయలు వంటింట్లో ఉన్నాయి."