గోళ్ళ రంగు గీత

కనకరాజన్నకు ఆ గోళ్ళ రంగు సీసా ఇచ్చింది నేనే. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

తెలంగాణ వచ్చే ముందు ఏడాది మా పోలీసు యూనిట్‌కు రెడ్ డాట్ సైట్లు పరీక్షకు వచ్చాయి. పిస్టల్ మీద బిగిస్తే చిన్న అద్దంలో ఎర్ర చుక్క కనిపిస్తుంది. చుక్క ఉన్నచోటే గుండు తగలాలంటే సైట్ కదలకూడదు. ఆ బాధ్యత మా ఆయుధాలు చూసుకునే ఆర్మరర్ కనకరాజన్నది. స్క్రూకున్న నూనె తుడిచి, గమ్ము పెట్టి బిగించి, రాత్రంతా ఆరనివ్వాలి. తరవాత స్క్రూ తల మీంచి సైట్ మీదికి ఒక గీత గీయాలి. గీత విరిగిందంటే స్క్రూ తిరిగినట్టే.

"పెయింట్ రాలిపోతున్నది గౌతమీ. నీ తాన గోళ్ళ రంగు ఉంటే తేరాదూ" అన్నాడు ఒకరోజు. నాచారం నుంచి ఇద్దరిదీ ఒకటే బస్సు. ఏటా నేను రాఖీ కట్టేది అతనికే. మర్నాడే తెచ్చిచ్చాను.

ఆ సైట్లతో గురి చూసి కాల్చే పరీక్షలో నెగ్గితే నాకు ట్రైనర్ పోస్టు. దానికోసం రెండేళ్ళు కష్టపడ్డాను.

నారపల్లి అవతల ఫైరింగ్ రేంజ్‌లో మొదటి మేగజైన్ గుండ్లంతా బొమ్మ నడిమధ్య తగిలాయి. రెండోది ఎడమకు జరిగింది. మూడోది బొమ్మకే తగల్లేదు. చూస్తే గీత విరిగి ఉంది. తప్పు నాది కాదని ప్రాణం కుదుటపడింది. పిస్టల్ ఖాళీ చేసి, అక్కడే కూర్చున్న అన్న బల్ల మీద పెట్టి, ఇన్‌స్పెక్టర్ విశ్వనాథం గారి కోసం పరిగెత్తాను.

మేం వచ్చేసరికి గీత తిన్నగా ఉంది.

ఆయన సైట్‌ను కదిపి చూశారు. "గట్టిగానే ఉంది కదమ్మా?"

గీత మీద బొటనవేలు పెట్టాను. ఎర్రగా అంటింది. "తడి ఆరలేదు సార్. ఇప్పుడే బిగించి మళ్ళ గీసిండు."

అన్న తలెత్తలేదు. "నిన్న గీసిందే సార్. ఆమె గోళ్ళకు ఏసుకున్న రంగేమో."

"డ్యూటీలో ఈ సోకులేమిటమ్మా?" అని నవ్వారు విశ్వనాథం గారు. గీతను ముట్టుకోనైనా లేదు. నా గోళ్ళకు రంగు లేదు, చూడమని రెండు చేతులూ చాచాను. అప్పటికే ఆయన పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఉప్పల్ బస్‌స్టాప్‌లో అన్న నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"విశ్వనాథం సారు జల్ది జేయమన్నడు. గమ్ము ఆరనియ్యలే చెల్లె. నిజం జెప్తే నా నౌకరి పోతుండె. నీకేం ఫికర్, మళ్ళొచ్చేసారి గెలుస్తవ్."

"నా ఒక్కదానికేనా, అందరి పిస్టళ్ళకు గంతేనా?"

అన్న జేబులోంచి సీసా తీసి నా చేతిలో పెట్టాడు. సగం అయిపోయింది, అన్ని పిస్టళ్ళకూ గీశాడన్నమాట. రేపు మావాళ్ళంతా ఆ గీతలనే నమ్మి డ్యూటీకి వెళ్తారు.

నాచారం బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. మళ్ళీ నవ్వుతారని తెలిసినా అంతా చెప్పడానికి సీసా పట్టుకుని ఆఫీసు వైపు నడిచాను. వెనక నుంచి "చెల్లే" అని పిలిచాడు. ఈసారి రాఖీ కట్టడానికి నాకు అన్న లేడు.